ఇంటిలోని దృశ్యముద్రణ పెట్టె

ప్రసార కేంద్రమునందు పనిచేయువానికి గడియారమే యజమాని. ఏడు గంటల కార్యక్రమము ఏడు గంటలకే ప్రారంభము కావలెను. అర నిమిషము ఆలస్యమైనను అది తప్పుగా పుస్తకమున కెక్కును. శ్రోతకు గాని ప్రేక్షకునకు గాని ఈ నిర్బంధము ఉండనక్కరలేదు. అయినను చిరకాలము వారును మా గడియారమునకు లోబడియే మెలగవలసివచ్చినది. వార్తల వేళకు వంట ముగియవలెను. మంచి నాటకము వచ్చు రాత్రి పేరంటమునకు పోరాదు. కార్యక్రమముల పట్టికలో ఇష్టమైనదానికి ఎర్రసిరాతో గుర్తు పెట్టుకొని, ఆ సమయమునకు పెట్టె ముందు కూర్చుండుటయే ఇంటివారు చేయగలిగిన ఏర్పాటు.

ఈ బంధమును విడిపించుటకు వచ్చిన యంత్రములు కొన్ని కలవు. వానిలో చివరిది, మిక్కిలి తెలివైనది హార్డ్ డిస్కు రికార్డరు. 1999 మొదలు పది పండ్రెండు సంవత్సరములు అమెరికా, బ్రిటన్, జపాన్ దేశముల గృహస్థులు అంగళ్ళలో నిలబడి ఏ పెట్టె కొనవలెనా యని తర్కించుకొనిరి. ఎన్ని గంటల కార్యక్రమము పట్టును, వెల యెంత అని విచారించిరి. ఆ రెండు ప్రశ్నలును సహజమైనవే. కాని, పట్టిక ఎవరి చేతిలో నున్నది, దాచుకొన్నది పెట్టె వెలుపలికి వచ్చునా రాదా అను మరి రెండు ప్రశ్నలను అడిగినవారు తక్కువ. ఈ చరిత్ర అంతయు ఆ అడుగని ప్రశ్నల చుట్టునే తిరుగుచున్నది.

ముందుగా ఒక చిత్రమైన సంగతి. ఈ పెట్టెలో రెండు విద్యలు కలిసినవి. టెలివిజన్ దృశ్యమును అయస్కాంతపు పూతపై నిలుపుట ఒకటి. తిరుగుచున్న పళ్ళెములపై సమాచారమును వ్రాసి, కోరినదానిని క్షణములో వెదకి తీయుట రెండవది. ఈ రెండును ఒకే సంవత్సరమున, ఒకే రాష్ట్రమున, గంట ప్రయాణమంత దూరమున వెలికి వచ్చినవి. ఆ సంవత్సరము 1956. ఆ రాష్ట్రము కాలిఫోర్నియా.

రెడ్‌వుడ్ సిటీలోని ఆంపెక్స్ సంస్థ చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున తయారుచేసిన దృశ్యముద్రణ యంత్రమును 1956 ఏప్రిల్‌లో చికాగోనగర ప్రసారకుల సభలో ప్రదర్శించినది. తరువాతి కాలమున ధ్వనిముద్రణలో ప్రసిద్ధుడైన రే డాల్బీ ఆ బృందములో అప్పటికి యువకుడు. టేపు వెడల్పు రెండు అంగుళములు. యంత్రపు వెల సుమారు 50,000 డాలర్లు. అదే సంవత్సరము నవంబరు 30వ తేదీన సి.బి.ఎస్. సంస్థ న్యూయార్కు వార్తలను హాలీవుడ్‌లో టేపుపై పట్టి, మూడు గంటల అనంతరము పడమటి తీరపు ప్రేక్షకులకు వినిపించినది. ఆ దేశపు తూర్పు పడమరల గడియారములకు మూడు గంటల తేడా ఉన్నది గదా! కావున వేళను మార్చుకొనుట అను పని మొదట చేసినది ఇంటివాడు కాదు, కేంద్రమే.

ఆ సెప్టెంబరులోనే సాన్ హోసే పట్టణమున ఐ.బి.ఎం. వారు రామక్ అను గణనయంత్రమును ప్రకటించిరి. దానికి జతచేసిన డిస్కు పెట్టెలో 24 అంగుళముల వ్యాసము గల పళ్ళెములు 50. టన్నుకు మించిన ఆ బరువులో ఇమిడినది 50 లక్షల అక్షరములు మాత్రమే; నేడు చేతి ఫోనులో ఒక పాట ఆక్రమించు చోటు అంతకంటె తక్కువ కాదు. అది వ్యాపారుల లెక్కలకు ఉద్దేశింపబడినది. ఆ పళ్ళెములపై నాటకములును క్రికెట్ పందెములును ఎక్కునని నాడు ఎవరును తలచి యుండరు. ఈ రెండు విద్యలు ఒక ఇంటి పెట్టెలో కలియుటకు 43 సంవత్సరములు పట్టినది.

ఈ మధ్యకాలమున రాజ్యమేలినది టేపు. కేంద్రములలో టేపు మిక్కిలి ఖరీదు కనుక, ప్రసారమైనదానిని చెరిపి దానిపైననే మరల ముద్రించుట వాడుక. ఈ పొదుపు ఎంత నష్టము తెచ్చినదో బ్రిటిష్ ప్రసారసంస్థవారికి పిమ్మట తెలిసినది. 1960లలో వారు ప్రసారము చేసిన డాక్టర్ హూ ధారావాహికలో పెక్కు భాగముల బొమ్మ దక్కలేదు. అట్లు పోయిన భాగములన్నిటికిని ధ్వని మాత్రము మిగిలినది. ఎట్లు మిగిలినదనగా, కొందరు ప్రేక్షకులు తమ ఇండ్లలో టెలివిజన్ ప్రక్కన చక్రముల టేపు రికార్డరును పెట్టుకొని ధ్వనిని పట్టి దాచుకొనిరి. కేంద్రము చెరిపినది ఇంటి అలమరలో బ్రతికినది. మావంటి ఉద్యోగులకు ఈ మాట వ్రాయుట కొంత సిగ్గుగనే ఉండును.

దృశ్యమును ఇంటిలో పట్టు యంత్రము అందరకు అందినది 1975లో. సోనీవారి బీటామాక్స్ ఆ సంవత్సరము జపాన్, అమెరికాలలో అంగళ్ళకు వచ్చినది. ఆ కాసెట్టు పట్టునది ఒక గంట. మరుసటి సంవత్సరము జె.వి.సి. వారు తెచ్చిన వి.హెచ్.ఎస్. పట్టునది రెండు గంటలు. బొమ్మ ఎవరిది మెరుగన్న వాదము చాలకాలము జరిగినది గాని, ఒక గంట టేపుపై చలనచిత్రము పూర్తిగా పట్టదన్న మాట సామాన్య గృహస్థునకు చాలినది. గంటల లెక్కను బట్టి యంత్రమును ఎన్నుకొను అలవాటు అప్పుడే పాదుకొన్నది. అప్పటికి అది తప్పు కాదు. కాసెట్టు నిండినచో మరియొకటి కొనవచ్చును. నిండినదానిపై పేరు వ్రాసి బీరువాలో పెట్టవచ్చును. పొరుగింటివారికి ఎరువు ఇయ్యవచ్చును. పెట్టె చెడినను కాసెట్టు చెడదు. ఈ సౌలభ్యము ఎంత గొప్పదో అది ఉన్నంతకాలము ఎవరికిని తోచలేదు.

చిత్రనిర్మాతలు ఊరకుండలేదు. యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లో సోనీపై వ్యాజ్యము వేసినవి. క్రింది న్యాయస్థానమున సోనీ గెలిచినది, అప్పీలులో ఓడినది. 1984 జనవరి 17న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా సోనీకి అనుకూలముగా తీర్పు చెప్పినది. తీర్పు వ్రాసినది జస్టిస్ స్టీవెన్స్. ఒక వేళ వచ్చినదానిని మరియొక వేళ చూచుటకై ఇంటిలో పట్టుకొనుట నేరము కాదని దాని సారాంశము. అయితే ఇచట ఒక సూక్ష్మము కలదు. తీర్పు ఆధారపడినది వేళ మార్చుకొనుటపై. శాశ్వతముగా దాచుకొని గ్రంథాలయమువలె పెంచుకొనుటను గూర్చి అది తేల్చి చెప్పలేదు. ఆ కాలమున కాసెట్టుకు ఈ భేదము తెలియదు. రెంటికిని అదే టేపు. తరువాత వచ్చిన పెట్టె ఈ రెంటిని విడదీసినది. వేళ మార్చుటలో అది అసమానము. దాచుటలో మిక్కిలి పేద.

టేపు యంత్రమునకు మరియొక లోపము ఉండెను. దానికి వేళ చెప్పుట కష్టము. ఏ తేదీ, ఏ గంట, ఏ ఛానలు అని మీటలు నొక్కి చెప్పవలెను. ఒకటి తప్పినచో నాటకమునకు బదులు వ్యవసాయ ధరవరలు పట్టబడును. విద్యుత్తు పోయి వచ్చిన పిమ్మట పండ్రెండు గంటలని మినుకుమినుకుమను గడియారమును అట్లే వదలివేసిన ఇండ్లు కోకొల్లలు. జర్మనీ ప్రసారకులు 1985లో మంచి ఉపాయము చేసిరి. కార్యక్రమము ఆలస్యమైనచో ఆ సంగతిని ప్రసార సంకేతములోనే పంపి, ఇంటి యంత్రమును సరియైన క్షణమున మేల్కొలిపిరి. కేంద్రము ఇంటివానికి తానై చేసిన సాయమిది. ప్రసారకుడనగుటచే దీనిపై నాకు ప్రత్యేకాభిమానము. అమెరికాలో 1990లో జెమ్‌స్టార్ సంస్థ వేరొక మార్గము కనిపెట్టినది. వార్తాపత్రికలోని పట్టికలో ప్రతి కార్యక్రమము ప్రక్కన కొన్ని అంకెలు అచ్చువేయుట. ఆ అంకెలను నొక్కినచో యంత్రము తక్కినది తానే గ్రహించుట. వ్యాపారముగా అది బాగుగా సాగినది. పట్టిక అన్నది వేరుగా విలువ కట్టి అమ్మదగిన సరకని అప్పుడు తెలిసినది.

ఇక 1999. జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనయందు రెండు చిన్న సంస్థలు తమ పెట్టెలను చూపినవి. ఒకటి టివో, దాని స్థాపకులు జిమ్ బార్టన్, మైక్ రామ్‌సే. రెండవది రీప్లే టీవీ. దాని స్థాపకుడు ఆంథొనీ వుడ్. ఇతడే పిమ్మట రోకు సంస్థను నెలకొల్పినాడు.

పెట్టె పనిచేయు తీరు మన గాదెను పోలియున్నది. గాదెకు పైన ఒక వాకిలి, క్రింద ఒక వాకిలి. పైనుండి ధాన్యము పోయుచుండగనే క్రిందినుండి తీసికొనవచ్చును. టేపు చుట్టిన దారపు ఉండవంటిది. మొదలు కావలెనన్న మొత్తము వెనుకకు చుట్టవలెను. డిస్కుపై వ్రాయు సూది ఒకచోట వ్రాయుచునే మరుక్షణమున మరొకచోట చదువగలదు. అందుచేత కార్యక్రమము వచ్చుచుండగనే ఆపి, తలుపు తట్టినవారితో మాటాడి వచ్చి, ఆపినచోటినుండి చూడవచ్చును. దృశ్యమును అంకెలుగా మార్చి కుదించు ఎంపెగ్ పద్ధతి అంతకు కొన్ని సంవత్సరముల ముందే స్థిరపడుటచే గంట దృశ్యము సుమారు ఒక గిగాబైటులో ఇమిడినది. అయినను అది అధమ నాణ్యత. ఉత్తమ నాణ్యత కోరినచో అంగడివాడు చెప్పిన గంటలు మూడవ వంతునకు తగ్గును. పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేసినది పెద్ద సంఖ్యయే!

ఫిలిప్స్ పేర వచ్చిన మొదటి టివో వెల 499 డాలర్లు, పట్టునది 14 గంటలు. దానికి పట్టిక రుసుము నెలకు 9 డాలర్ల 95 సెంట్లు. లేదా ఒకేసారి 199 డాలర్లు చెల్లించినచో జీవితకాలపు చందా. రీప్లే టీవీ వెల 699 డాలర్లతో మొదలు. పట్టికకు వేరుగా రుసుము లేదు. పెట్టె వెలకు జీవితచందాను కూడినచో టివో 698 డాలర్లు. అనగా రెంటికిని తేడా ఒక డాలరు! అయినను అంగడిలో నిలబడినవానికి ఒకటి చౌకగాను, ఒకటి ప్రియముగాను తోచినది. టివో ఎక్కువ అమ్ముడుపోయినది. దీనికి వెల యొక్కటే కారణము కాదు గాని, విడదీసి చెప్పిన వెల కొంత కారణమే యనవచ్చును.

పెట్టెకు ఆ పట్టిక ఎట్లు వచ్చెడిది? రాత్రివేళ పెట్టె తానే ఇంటి టెలిఫోను తీగద్వారా సంస్థకు ఫోను చేసి, రానున్న దినముల పట్టికను దించుకొనెడిది. ఒక ధారావాహిక పేరు ఒకసారి చెప్పిన చాలును. అది వేళ మారినను, వారము మారినను పెట్టె పసిగట్టి పట్టును. నచ్చినదానికి బొటనవ్రేలు పైకి, నచ్చనిదానికి క్రిందికి చూపు మీటలు ఉండెను. వానినిబట్టి యజమాని అభిరుచి గ్రహించి, అడుగనివి కూడ పట్టి పెట్టెడిది. ఈ తెలివి అంతయు పట్టికనుండి వచ్చినదే. పట్టిక ఆగినచో పెట్టెకు రేపేమి వచ్చునో తెలియదు. ఎర్రసిరా గుర్తులు పెట్టుకొను మన పాఠకునకు పత్రిక అందకపోయినను ప్రక్కింట అడిగి తెలిసికొనగలడు. ఆ పెట్టెకు ఆ పాటి స్వాతంత్ర్యమును లేదు.

సొంతముగా పెట్టె కట్టుకొన్నవారికిని ఇదే అనుభవము. 2002లో ఐజాక్ రిచర్డ్స్ అను యువకుడు ప్రారంభించిన మిత్ టీవీ అను ఉచితపు కార్యక్రమమును తమ కంప్యూటరులో వేసికొని, ఏ సంస్థకును లోబడక రికార్డు చేసికొన్నవారు చాలమంది. డిస్కు వారిది, పెట్టె వారిది, ముద్రించినది ఎచటికైన కొనిపోవచ్చును. కాని అమెరికాలో వారికి పట్టిక ఉచితముగా ఇచ్చుచున్న సంస్థ 2007 సెప్టెంబరు 1వ తేదీతో ఇచ్చుట మానినది. వారందరు కలిసి షెడ్యూల్స్ డైరెక్ట్ అను లాభాపేక్ష లేని సంఘమును ఏర్పరచుకొని, చందాలు వేసికొని పట్టికను కొనుక్కొనవలసివచ్చినది.

రీప్లే టీవీ కథ వేరొక పాఠము. 2001లో సోనిక్‌బ్లూ సంస్థ దానిని కొని, 4000 అను కొత్త నమూనాను విడుదల చేసినది. అది ప్రకటనలను తానే గుర్తించి దాటవేయును. ముద్రించిన కార్యక్రమమును ఇంటర్నెట్టు ద్వారా మరొక ఇంటి పెట్టెకు పంపును. పెట్టెనుండి వెలుపలికి ఒక ద్వారము తెరచిన యంత్రమిది. టెలివిజన్ సంస్థలును చిత్రనిర్మాతలును వెంటనే వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యమున 2002లో ఒక మేజిస్ట్రేటు, ప్రేక్షకులు ఏమేమి చూచుచున్నారో ఏమేమి పంపుచున్నారో కనిపెట్టి వివరములు అందజేయుమని సంస్థను ఆజ్ఞాపించినాడు. పై న్యాయాధికారిణి ఆ ఆజ్ఞను కొట్టివేసినది; లేకున్నచో ఇంటి పడమటింట కూర్చున్న గూఢచారికి జీతమిచ్చి పోషించుకొన్నట్లు అయ్యెడిది. వ్యాజ్యము తేలకమునుపే, 2003 మార్చిలో సంస్థ దివాలా తీసినది. దానిని కొన్న కొత్త యజమానులు తరువాతి నమూనాలో ఆ రెండు సౌకర్యములను తీసివేసిరి. ద్వారము మూయబడినది.

టివో అట్టి తగవులకు పోలేదు. ప్రసార సంస్థలనుండి పెట్టుబడులను స్వీకరించినది. ప్రకటనలను వేగముగా పరుగెత్తించుటకు మాత్రము వీలు కల్పించినది. ముప్పది సెకండ్లు ఒక్కుమ్మడిగా దాటు మీట కూడ ఉన్నది గాని, అది కొన్ని మీటల రహస్య వరుసను నొక్కిననే మేల్కొనును. తెలిసినవారు తెలియనివారికి చెవిలో చెప్పుకొనెడివారు. మూత తీసి పెద్ద డిస్కును అమర్చుకొన్న సాహసికులును ఉండిరి. ఇది వినోదముగనే ఉన్నది. అయితే 2002 మే నెలలో బ్రిటన్‌లోని టివో గృహస్థులు ఒకనాడు తమ పెట్టెలో తాము కోరని హాస్యధారావాహిక భాగమొకటి ముద్రింపబడి యుండుట చూచిరి. డాసా అండ్ జో అను ఆ బి.బి.సి. ధారావాహికను ప్రచారార్థము సంస్థయే వారి పెట్టెలలోనికి దించినది. కొన్ని దినములు దానిని చెరుపుటకును వీలు లేదు. ఆ కొద్దిపాటి చోటు పోయినదని ఎవరును అంత బాధపడి యుండరు. డబ్బు పెట్టి కొన్న గాదె తాళపుచెవి వేరొకరి వద్దను ఒకటి ఉన్నదని తెలియుటయే బాధ.

బ్రిటన్‌లో ఎన్నిక మిక్కిలి ఆసక్తికరముగా సాగినది. టివో 2000లో వచ్చినది; మరుసటి సంవత్సరము ఉపగ్రహ ప్రసారపు సంస్థ స్కై తన స్కై ప్లస్‌ను తెచ్చినది. టివో ఎట్టి టెలివిజనుకైనను జతపడును గాని, వచ్చిన బొమ్మను తాను మరల అంకెలుగా మార్చుటచే నాణ్యత కొంత తగ్గును. ఒక వేళ ఒక ఛానలునే పట్టును. స్కై ప్లస్‌లో 40 గిగాబైట్ల డిస్కు, ఇరువది గంటల చోటు. ఆకాశమునుండి వచ్చిన అంకెలనే యథాతథముగ వ్రాసికొనుటచే బొమ్మలో లోపము లేదు. గ్రాహకములు రెండు ఉండుటచే ఒకటి చూచుచు వేరొకటి పట్టవచ్చును. ఇంటిలో మామగారికి వార్తలు, కోడలికి నాటకము ఒకే వేళ కావలసివచ్చిన చోట ఈ రెండవ గ్రాహకము శాంతి స్థాపకము. కావున యంత్రముగా స్కై ప్లస్ మేలు. కాని చందా ఆపినచో ముద్రించు శక్తియు ఆగిపోవును.

మూడవ మార్గమొకటి పిమ్మట వచ్చినది. నేలపైని స్తంభములనుండి ఉచితముగా వచ్చు ఫ్రీవ్యూ ప్రసారములకు 2007లో ప్రమాణములు గల రికార్డర్లు ప్రత్యేక ముద్రతో అమ్మకమునకు వచ్చినవి. పట్టికను ప్రసారకులే సంకేతములో కలిపి గాలిలో పంపుచుండిరి. ఫోను తీగ అక్కరలేదు, నెలసరి చందా లేదు. అంగడిలో ఇది సామాన్యముగ కనబడినది. దీనికి బొటనవ్రేలి మీటలు లేవు, అభిరుచులు గ్రహించు తెలివియు లేదు. ఇంతకాలము గడచిన పిమ్మట వెనుదిరిగి చూచినచో, ఆ కాలపు పెట్టెలలో నేను నా ఇంటికి తెచ్చుకొని యుండెడిది ఇదియే. అమ్మినవాని వ్యాపారము మూతపడినను ప్రసారము ఉన్నంతకాలము దీనికి పట్టిక అందును.

జీవితచందా కట్టిన బ్రిటిష్ టివో గృహస్థులకు ఈ సంగతి 2011 జూన్ 1వ తేదీన తెలిసినది. ఆ దినముతో ఆ దేశమునందలి మొదటి తరపు టివో పెట్టెలకు పట్టిక ఆగినది. పెట్టెలు చెడలేదు, డిస్కులు తిరుగుచునే ఉన్నవి. జీవితమనగా కొన్నవాని జీవితము కాదు, సేవ యొక్క జీవితము అని అర్థము చేసికొనవలసివచ్చినది. మన పల్లెలలో ఈనాము పట్టాలలోని పదములకు సాగిన వ్యాఖ్యానములు ఇంతకంటె సులభము.

రెండవ ప్రశ్నను, అనగా వెలుపలికి వచ్చునా అనుదానిని, గట్టిగా అడిగినవారు జపాన్ గృహస్థులు. వారు ఆది నుండియు డిస్కును, డి.వి.డి. పళ్ళెమును ఒకే పెట్టెలో కోరిరి. నచ్చినదానిని పళ్ళెముపైకి ఎక్కించి అలమరలో పెట్టుకొనుట వారికి ముఖ్యము. 2004లో అంకాత్మక ప్రసారములకు ఒక్క నకలు మాత్రమే అను నిబంధన వచ్చినది. డిస్కుపై వ్రాసినదే ఆ ఒక్క నకలు. పళ్ళెముపైకి ఎక్కించినచో డిస్కునుండి మాయమగును. ఎక్కించుచుండగా విఘ్నము కలిగినచో రెంటికిని చెడిన రేవడి. జనుల అసంతృప్తి ఫలితముగా 2008 జూలైలో ఆ సంఖ్యను పదికి పెంచిరి. తమ ఇంటిలో పట్టినదానిని తామెన్నిసార్లు ఎత్తిపెట్టుకొనవచ్చునో ప్రభుత్వ సంఘములు అంకెలతో నిర్ణయింపవలసిన స్థితి వచ్చినది. కాసెట్టు కాలమున ఎవరును ఇట్లు లెక్కింపలేదు.

అమెరికాలో డిస్కు ఇంటినుండియే నిష్క్రమించినది. కేబుల్‌విజన్ అను సంస్థ ముద్రణను గృహమునందు గాక తన భవనమునందలి డిస్కులపైననే చేసి పంపు ఏర్పాటు తలపెట్టగా వ్యాజ్యము నడచినది. 2008లో అప్పీలు న్యాయస్థానము సంస్థకు అనుకూలముగ చెప్పినది, మరుసటి సంవత్సరము సర్వోన్నత న్యాయస్థానము జోక్యము చేసికొనలేదు. ఆపై ఇంటర్నెట్టు ద్వారా కోరినప్పుడు చూచు పద్ధతి వచ్చి, ముద్రణ అను మాటయే వెనుకబడినది. చివరి వి.హెచ్.ఎస్. యంత్రముల తయారీ 2016లో ఆగినది. 2025లో టివో సంస్థయు పెట్టెల అమ్మకము చాలించినది.

ఈ సందర్భమున ఫిలడెల్ఫియా నగరపు మేరియన్ స్టోక్స్ అను స్త్రీని తలపకుండ ఉండలేను. ఆమె పూర్వము గ్రంథాలయోద్యోగిని. 1970ల చివర మొదలిడి 2012లో మరణించువరకు రాత్రింబవళ్ళు ఎడతెగక వార్తా ప్రసారములను పెక్కు యంత్రములతో కాసెట్టులపై పట్టించినది. టేపు మార్చవలసిన వేళను బట్టియే ఆ కుటుంబము వెలుపలి పనులు చూచుకొనెడిది. చివరకు సుమారు 70,000 కాసెట్టులు పోగైనవి. అవి ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థకు చేరినవి. కేంద్రములు తాము దాచనివి అందులో ఉన్నవి. ఇరుగుపొరుగులు ఆమెను పిచ్చిదనియే అనుకొని యుందురు. ఆమె గనుక 1999లో కొత్త పెట్టెకు మారి, అది నిండినకొలది పాతవానిని చెరుపుకొని యుండినచో ఆ నిధి మిగిలెడిది కాదు.

మన ఇండ్లలో ఆ పట్టుదల ఎన్నడును లేదు. ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగ ప్రసారములు 1959లో మొదలైనను, హైదరాబాదు కేంద్రము 1977లో గాని రాలేదు. 1982 ఆసియా క్రీడల నాటినుండి వీడియో యంత్రములు వ్యాపించినను, అవి మనకు ఎక్కువగా అద్దె సినిమాలు చూచుటకే ఉపయోగపడినవి. హార్డ్ డిస్కు పెట్టె 2008లో టాటా స్కై ప్లస్ రూపమున వచ్చినది, తరువాత ఇతర సంస్థలును తెచ్చినవి. మన దేశమున అంగడికి పోయి ఈ పెట్టెకు ఆ పెట్టెకు తారతమ్యము విచారించు అవకాశము అంతగా లేదు. ఏ సంస్థ గొడుగు మిద్దెపై ఉన్నదో ఆ సంస్థ పెట్టెయే ఇంటిలోనికి వచ్చినది.

మా ఇంటికిని ఒకటి వచ్చినది. మా చిన్నమామయ్య హరికథకుడు. ఒక ఛానలువారు ఆయనచేత రుక్మిణీకల్యాణము చెప్పించి ప్రసారము చేసినప్పుడు మా అమ్మ దానిని ఆ పెట్టెలో పట్టించినది. పండుగలకు చుట్టములు వచ్చినప్పుడెల్ల పెట్టి చూపెడిది. మామయ్య పోయిన మరుసటి సంవత్సరము పెట్టె చెడినది. సంస్థవారి మనిషి వచ్చి, ఎంతో మర్యాదగా, నిమిషములలో కొత్త పెట్టె అమర్చి, పాతది సంచిలో వేసికొన్నాడు. అందులోనివి దీనిలోనికి మార్చుమని అమ్మ అడిగినది. "అది కుదరదమ్మా, పెట్టె మా కంపెనీది" అన్నాడు. అతనిని తప్పుపట్టుటకు లేదు. ఒప్పందపు కాగితముపై సంతకము పెట్టినది నేనే. ఛానలువారిని విచారింపగా వారివద్దను లేదన్నారు.

మిగిలినది 1989 నాటి ధ్వని కాసెట్టు ఒకటి. నాకు అప్పుడు తొమ్మిదేండ్లు. మామయ్య కథ రేడియోలో వచ్చుచుండగా నాన్నగారు టూ-ఇన్-వన్‌లో పట్టినారు. మధ్యలో అమ్మ ఎవరినో గదమాయించిన మాట, కుక్కరు కూత, కాసెట్టు తిప్పి పెట్టినచోట తెగిన ఒక కీర్తన అందులో ఉన్నవి. మొన్న కార్యాలయములో పనిచేయుచున్న ఒక పాత యంత్రముపై దానిని వేసి, నకలు తీసి అమ్మకు ఇచ్చినాను. గదమాయింపబడినది నేనేనని ఆమె చెప్పినది.